మోకాలి లోతు ఉప్పునీటిలో రెడ్‌ఫిష్: టెక్సాస్ ఫ్లాట్స్‌లో ఒక రోజు వేటకు సమగ్ర మార్గదర్శి

హ్యూస్టన్, ఆస్టిన్, డాలస్‌ల నుంచి సెలవులకు పోర్ట్ అరాన్సస్ వెళ్లివచ్చే తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. అక్కడ మోకాలి లోతు నీళ్లలో నిలబడి రెడ్‌ఫిష్ అనే రాగి రంగు చేపలను, మూరెడు పైబడినవాటిని, గాలానికి పడుతున్నారు, మేము ఎక్కడ మొదలుపెట్టాలి, ఏమేమి కొనాలి, నీళ్లలోకి దిగాక ఏం చేయాలి అని. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు వరుసక్రమంలో జవాబు.

తీరం లోపలి అఖాతాల్లో గడ్డి, ఇసుక, బురద పరుచుకున్న లోతులేని విశాలమైన నీటిని ఇక్కడ ఫ్లాట్స్ అంటారు. అడుగు, అడుగున్నర నీటిలో మేస్తున్న చేపకు దాక్కునే చోటు ఉండదు కాబట్టి అది ప్రతి అలికిడికీ ఉలిక్కిపడుతుంది. మీ అడుగుల సవ్వడి, మీ నీడ, రాడ్ (గాలపు కర్ర) తళుకు, వీటిలో ఏదైనా మీ ఎర కన్నా ముందే దానికి చేరుతుంది. అందువల్ల ఈ వేటలో ముప్పాతిక వంతు పని నిదానంగా నడవడం, నిలబడి చూడడం. విసరడం ఆ తర్వాతి మాట. కింది సూచనలన్నీ ఈ ఒక్క సంగతిని బట్టే అమర్చాను.

ఇక్కడ చెప్పే వివరాలు అరాన్సస్ పాస్, పోర్ట్ అరాన్సస్, రాక్‌పోర్ట్ ఊళ్ల మధ్యనున్న రెడ్‌ఫిష్ బే, అరాన్సస్ బేలకు సంబంధించినవి. దక్షిణాన లగూనా మాద్రేకు కూడా చాలావరకు వర్తిస్తాయి. గాల్వెస్టన్ వైపు నీళ్లు మరింత మసకగా ఉంటాయి కాబట్టి అక్కడ చేపను కంటితో చూసి పట్టడం కష్టం.

1. రోజును ఎంచుకోవడం: ముందు గాలి, తర్వాత పోటు

కాకినాడ, విశాఖ తీరాల్లో రోజుకు రెండుసార్లు వచ్చే పోటుకు అలవాటుపడినవారు టెక్సాస్ అఖాతాల్లో తికమకపడతారు. ఇక్కడ చాలా రోజుల్లో ఒకే పోటు, ఒకే ఆటు ఉంటాయి. అఖాతం లోపల నీటిమట్టంలో తేడా సాధారణంగా అడుగుకు మించదు. ఆ అడుగును కూడా గాలి తారుమారు చేయగలదు. రెండు మూడు రోజులు ఆగ్నేయపు గాలి బలంగా వీస్తే పట్టికలో ఆటు అని ఉన్నా నీళ్లు నిండుగా ఉంటాయి. శీతాకాలంలో ఉత్తరపు గాలి దిగితే అఖాతంలోని నీరు గల్ఫ్‌లోకి, అంటే బయటి మెక్సికో సింధుశాఖలోకి, వెళ్లిపోయి, నిన్న మోకాలి లోతున్న చోట నేడు బురద తేలుతుంది.

మొదటిసారి వెళ్లేవారికి సెప్టెంబరు చివరి నుంచి నవంబరు మధ్య వరకు ఉన్న కాలాన్నే నేను గట్టిగా సూచిస్తాను. ఆ రోజుల్లో అఖాతాల్లో నీటిమట్టం ఏడాదిలోకెల్లా ఎక్కువగా ఉండి, చేపలు ఒడ్డుగడ్డిలోకి, మడచెట్ల మొదళ్లలోకి మేతకు చొచ్చుకువస్తాయి. ఎండ తీవ్రత తగ్గుతుంది, గాలి కొంత నెమ్మదిస్తుంది. మార్చి నుంచి మే వరకు ఆగ్నేయపు గాలి నీటిని బురదబురద చేస్తుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు వెళ్లక తప్పకపోతే తెల్లవారుజామున దిగి పది గంటలకల్లా బయటికి వచ్చేయాలి.

గాలి గంటకు 5 నుంచి 12 మైళ్ల మధ్య ఉంటే మంచిది. 15 మైళ్లున్నా గాలి చాటు ఒడ్డున నెట్టుకురావచ్చు. 20 దాటితే ప్రయాణం వాయిదా వేసుకోవడమే మేలు. గాలి బొత్తిగా లేని రోజును కొత్తవారు అదృష్టం అనుకుంటారు, కానీ అద్దంలా నిలిచిన నీటిలో చేప చాలా దూరం నుంచే మనిషిని పసిగడుతుంది. సన్నటి అలలు ఉన్న రోజే వేటగాడికి అనుకూలం.

ముందు రోజు రాత్రి చూసుకోవలసినవి:

- నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) వెబ్‌సైటులో పోర్ట్ అరాన్సస్, రాక్‌పోర్ట్ కేంద్రాల పోటు పట్టిక, దాంతోపాటు అప్పటి అసలు నీటిమట్టం. ఈ రెండింటి మధ్య తేడాయే గాలి చేసిన పని.
- గంటగంటకూ గాలి దిశ, వేగం.
- ఉరుముల సూచన. కొద్దిపాటి అవకాశం ఉన్నా తిరిగివచ్చే దారి ముందే అనుకోవాలి.
- మబ్బులు. చేపను కంటితో చూసి పట్టాలంటే ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండ ఉండాలి.

2. చోటును ఎంచుకోవడం

కారు ఆపి నేరుగా దిగగలిగిన చోటుతో మొదలుపెట్టండి. అరాన్సస్ పాస్ నుంచి పోర్ట్ అరాన్సస్ వెళ్లే 361వ నంబరు రహదారి పక్కన, ఫెర్రీ రాకముందే, లైట్‌హౌస్ లేక్స్ పాడ్లింగ్ ట్రయిల్ (తెడ్డు పడవల దారి) మొదలవుతుంది. మడచెట్ల దీవుల మధ్య లోతులేని చిన్న చిన్న సరస్సులు, వాటిని కలిపే ఇరుకు కాలువలు ఉన్న ప్రాంతమిది. కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) అద్దెకు తీసుకుని లోపలికి వెళ్లి, గట్టి నేల దొరికిన చోట లంగరు వేసి, దిగి నడవవచ్చు. లోపలి దారులన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి బయలుదేరిన చోటును ఫోనులో గుర్తుపెట్టుకోవడం తప్పనిసరి. లిడియా ఆన్ చానల్‌లోకి మాత్రం వెళ్లవద్దు, అది బార్జీలు (పెద్ద సరుకు పడవలు) తిరిగే లోతైన కాలువ.

మ్యాపులో ఉపగ్రహ చిత్రం తెరిచి మూడు విషయాలు వెతకండి. మొదటిది, ముదురు రంగు గడ్డి మధ్య తెల్లటి మచ్చల్లా కనిపించే ఇసుక గుంటలు. రెండోది, లోతైన కాలువ లోతులేని నీటిని తాకే అంచు. మూడోది, ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు నీరు పారే సన్నటి సందు. ఈ మూడూ దగ్గర దగ్గరగా ఉన్న చోటు దొరికితే రోజంతా అక్కడే గడపవచ్చు. ఒక్క రోజులో నాలుగైదు చోట్లు తిరగాలనుకునేవారు ఏ చోటునూ సరిగా చూడలేరు.

రెడ్‌ఫిష్ బేలో సముద్రపు గడ్డిని మోటారు పడవ రెక్కతో పెళ్లగించడం చట్టవిరుద్ధం. 2013 నుంచి ఆ నియమం రాష్ట్రంలోని తీరజలాలన్నిటికీ వర్తిస్తోంది. పెళ్లగించిన చోట గడ్డి మళ్లీ నిండడానికి ఏళ్లు పడుతుంది. చేప, రొయ్య, పీత పిల్లలు పెరిగేది ఆ గడ్డిలోనే. కయాక్ తెడ్డుతో గడ్డిని పొడవకుండా ఉండడం కూడా అందులో భాగమే అనుకోవాలి.

3. లైసెన్సు, చేప కొలతలు

పదిహేడేళ్లు నిండినవారికి టెక్సాస్ ఫిషింగ్ లైసెన్సు, దానిపై ఉప్పునీటి అనుమతి కావాలి. లైసెన్సు సంవత్సరం సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31న ముగుస్తుంది, కాబట్టి ఆగస్టులో కొన్నది సెప్టెంబరు యాత్రకు పనికిరాకపోవచ్చు. టెక్సాస్‌లో ఆరు నెలలకు పైగా ఎడతెగకుండా నివసిస్తున్నవారు స్థానికుల ధరకే తీసుకోవచ్చు. చదువుకు, ఉద్యోగానికి వచ్చినవారిలో చాలామందికి ఈ సంగతి తెలియక ఎక్కువ డబ్బు చెల్లిస్తున్నారు.

ఉంచుకోదగిన చేపల కొలతలు ఇవి:

- రెడ్‌ఫిష్: 20 నుంచి 28 అంగుళాలు, మనిషికి రోజుకు 3.
- స్పెకిల్డ్ ట్రౌట్: 15 నుంచి 20 అంగుళాలు, రోజుకు 3.
- బ్లాక్ డ్రమ్: 14 నుంచి 30 అంగుళాలు, రోజుకు 5.
- ఫ్లౌండర్: కనీసం 15 అంగుళాలు, రోజుకు 5. నవంబరు 1 నుంచి డిసెంబరు 14 వరకు పూర్తిగా నిషేధం.

పరిమితి దాటిన పెద్ద చేపలకు ట్యాగ్ (చేపకు కట్టే అనుమతి చీటీ) నియమాలు వేరుగా ఉన్నాయి. ఈ అంకెలు మారుతుంటాయి కాబట్టి టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖవారి ఔట్‌డోర్ యాన్యువల్ యాప్‌ను బయలుదేరే ముందు ఒకసారి తెరిచి చూడండి. కొలిచేటప్పుడు చేప నోరు మూసి, తోక రెండు కొసలనూ దగ్గరికి నొక్కి, ముక్కు కొస నుంచి తోక చివర వరకు తిన్నటి గీతలో కొలవాలి. తలా తోకా తీయడం, ముక్కలు చేయడం ఒడ్డుకు చేరి ఆ రోజు వేట ముగిశాకే చేయాలి.

28 అంగుళాల హద్దుకు కారణముంది. ఇంచుమించు ఆ పరిమాణానికి వచ్చేసరికి రెడ్‌ఫిష్ ఈడుకొచ్చి, అఖాతం విడిచి గల్ఫ్‌లోకి వెళ్లి గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఆ పెద్ద చేపల వల్లే తర్వాతి తరం పుడుతుంది.

4. సామాను

ఖరీదైన సామాను అవసరం లేదు, కానీ ఒక్క వస్తువు దగ్గర పిసినారితనం పనికిరాదు. అది పోలరైజ్డ్ కళ్లద్దాలు. నీటిపై మెరుపును అవి తీసేస్తేనే అడుగున్న చేప కనిపిస్తుంది. ఫ్లాట్స్‌కు రాగి రంగు లేదా కాషాయం కలిసిన గోధుమ రంగు అద్దం బాగుంటుంది. బూడిద రంగు లోతైన సముద్రానికి సరిపోతుంది. టోపీ అంచు కింది భాగం ముదురు రంగులో ఉంటే నీటి వెలుగు కళ్లలోకి తిరిగి రాదు.

గాలం సామాను:

- ఏడు అడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 3000 పరిమాణపు రీల్.
- 10 లేదా 15 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన) దారం.
- కొసకు 20 పౌండ్ల ఫ్లూరోకార్బన్ లీడర్, అంటే ఎరకు కట్టే పారదర్శకమైన గట్టి దారం ముక్క, రెండు నుంచి మూడు అడుగులు.
- ఎనిమిదో వంతు ఔన్సు జిగ్ హెడ్‌లు (బరువైన తల ఉన్న కొక్కేలు), వాటికి గుచ్చే మూడు నాలుగు అంగుళాల పాడిల్ టెయిల్ (తెడ్డులాంటి తోక ఉన్న) ప్లాస్టిక్ ఎరలు.
- పావు ఔన్సు బంగారు రంగు స్పూన్ (చెంచా ఆకారపు రేకు ఎర), గడ్డి చిక్కుకోని రకం. ఈ తీరంలో రెడ్‌ఫిష్‌కు దీన్ని మించిన నమ్మకమైన ఎర నాకు తెలియదు.
- తెల్లవారుజాము కోసం ఒక టాప్‌వాటర్ ఎర, అంటే నీటి పైన తేలుతూ కదిలేది.
- పిల్లలు వెంట ఉంటే పాపింగ్ కార్క్ (లాగితే చప్పుడు చేసే బెండు), దాని కింద బతికున్న రొయ్య. కంటితో చూసి పట్టడం పిల్లలకు విసుగు, బెండు మునగడం సంబరం.

ఒంటి మీదికి:

- చీలమండ దాటే గట్టి వేడింగ్ బూట్లు, అంటే నీళ్లలో నడవడానికి చేసినవి. సాధారణ చెప్పులు బురదలో ఊడిపోతాయి, ఆల్చిప్పల దిబ్బలు కోసేస్తాయి.
- పొడుగు చేతుల లేత రంగు చొక్కా, మెడను కప్పే బట్ట.
- నడుము బెల్టుకు పొడుగు ముక్కు పట్టకారు, కత్తెర, కొలబద్ద, విజిల్.
- మనిషికి కనీసం మూడు లీటర్ల మంచినీళ్లు. నీళ్లలోనే ఉన్నాం కదా అని దాహాన్ని పట్టించుకోకపోవడం చాలామందికి అలవాటు.
- కయాక్‌లో ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్. పదమూడేళ్ల లోపు పిల్లలు దాన్ని తొడుక్కునే ఉండాలి.

బ్రెయిడ్‌ను లీడర్‌తో కలపడానికి డబుల్ యూని ముడి చాలు. రెండు దారాలనూ జానెడు మేర ఒకదాని పక్కన ఒకటి పెట్టాలి. బ్రెయిడ్ కొసను వెనక్కి మడిచి వలయం చేసి, ఆ వలయం లోంచి రెండు దారాల చుట్టూ ఏడెనిమిది చుట్లు తిప్పి లాగాలి. లీడర్ కొసతో అటువైపు అలాగే నాలుగైదు చుట్లు తిప్పాలి. రెండు ముడులనూ ఉమ్మితో తడిపి, అసలు దారాలు పట్టుకుని నెమ్మదిగా లాగితే అవి జారుకుంటూ వచ్చి ఒకదానికొకటి ఆనుకుంటాయి. తడపకుండా లాగితే రాపిడి వేడికి లీడర్ బలహీనపడుతుంది. మొదటి పెద్ద చేప తెగిపోవడానికి సాధారణ కారణం అదే.

డ్రాగ్‌ను, అంటే చేప లాగినప్పుడు దారాన్ని కొంచెం కొంచెంగా వదిలే రీల్ బిగింపును, ఇంటి దగ్గరే సరిచేసుకోండి. రెండింటిలో బలహీనమైన దారం, అంటే ఇక్కడ బ్రెయిడ్, తెగే బరువులో నాలుగో వంతు, దాదాపు రెండున్నర నుంచి నాలుగు పౌండ్ల లాగుడుకు దారం వదలాలి. చిన్న స్ప్రింగు త్రాసు ఉంటే పని సులువు.

5. వారం ముందు నుంచి సాధన

ఫ్లాట్స్‌లో దూరం విసరడం కన్నా గురిగా విసరడం ముఖ్యం. చాలా చేపలు 35 నుంచి 50 అడుగుల లోపలే కనిపిస్తాయి. పెరట్లో గానీ పార్కులో గానీ పాత పళ్లాలు మూడు వేర్వేరు దూరాల్లో పెట్టి, కొక్కెం తీసేసిన ఎరతో వాటి పక్కన పడేలా రోజూ పావుగంట విసరండి. పళ్లెం మీద పడనవసరం లేదు, దానికి మూడడుగులు అవతల, మూడడుగులు ముందుగా పడాలి. గాలికి ఎదురుగా, ఎడమ చేతివైపు నుంచి, మోకాళ్ల మీద కూర్చుని కూడా చేయండి. నీళ్లలో అనుకూలమైన కోణం అరుదుగా దొరుకుతుంది.

ఎర నీటిని తాకే ముందు క్షణంలో చూపుడువేలితో దారాన్ని తాకి వేగం తగ్గించడం నేర్చుకోండి. తపుక్కున పడే ఎరకు, తేలిగ్గా దిగే ఎరకు ఉన్న తేడా అడుగు నీటిలో చాలా పెద్దది.

6. నీటిలో దిగడం, నడక

సూర్యోదయానికి అరగంట ముందే చోటుకు చేరండి. వెలుగు తక్కువగా ఉన్నప్పుడు చేప కనిపించదు కాబట్టి మొదటి రెండు గంటలు కాలువ అంచుల వెంట టాప్‌వాటర్ ఎరతోనో పాడిల్ టెయిల్‌తోనో వెతుకుతూ విసరండి. ఆ వేళ ట్రౌట్ ఎక్కువగా దొరుకుతుంది. ఎండ కాస్త పైకి వచ్చాక అసలు వేట మొదలవుతుంది.

నడకలో మొదటి నియమం పాదం ఎత్తకపోవడం. ఇసుకలో స్టింగ్‌రేలు, అంటే టేకు చేపలు, పూడుకుని పడుకుంటాయి. పైన కాలు పడితే తోక ముల్లుతో పొడుస్తాయి, పక్క నుంచి నేల కదిలితే తప్పుకుపోతాయి. అందుకే పాదాలను నేల మీద ఈడ్చుకుంటూ, నిద్రపోతున్న పసిబిడ్డ మంచం పక్కగా వెళ్తున్నంత మెల్లగా నడవాలి. మోకాలి ముందు అల పుడుతోందంటే మీరు వేగంగా నడుస్తున్నట్టే. ఆ అల మీకన్నా ముందు వెళ్లి చేపకు కబురు చెప్పేస్తుంది.

సూర్యుడు వీపు వెనుక ఉండేలా దారి ఎంచుకోండి. గాలి కూడా వెనుక నుంచి వస్తే మరీ మంచిది. రెండూ కుదరనప్పుడు సూర్యుడికే ప్రాధాన్యం ఇవ్వాలి, ఎందుకంటే కనిపించని చేపకు ఎంత బాగా విసిరినా లాభం లేదు. నీడ చేప మీద పడకుండా చూసుకోండి.

పది అడుగులు నడిచి, నిమిషం నిలబడండి. నిలబడినప్పుడే చేపలు కనిపిస్తాయి. తోడుగా వచ్చినవారితో మాట్లాడుకోవచ్చు, మనుషుల మాటలు నీటిలోకి పెద్దగా చేరవు. కయాక్ అంచుకు తెడ్డు తగిలిన శబ్దం, బూటు కింద ఆల్చిప్ప నలిగిన శబ్దం మాత్రం చాలా దూరం వెళ్తాయి.

7. చేపను చూడడం

కొత్తవారు నీటి పైభాగాన్ని చూస్తారు. చూపు నీటిని దాటి నేల మీద నిలవాలి. ముందు ఒక ఇసుక గుంటను ఎంచుకుని, అందులోని గడ్డి పోచలు విడివిడిగా కనిపించేదాకా దాన్నే చూడండి. కంటికి ఆ లోతు అలవాటయ్యాక పక్కకు జరపండి. పూర్తి చేప ఆకారం కోసం వెతకవద్దు. కదులుతున్న నీడ, గడ్డి ఊగే దిశకు అడ్డంగా సాగే గీత, నీటి కింద రాగి రంగు మెరుపు, ఇలాంటి ముక్కలే ముందు కనిపిస్తాయి.

గుర్తుపట్టవలసిన ఆనవాళ్లు:

- తోక. రెడ్‌ఫిష్ తల కిందికి వంచి నేలలోని పీతలను, రొయ్యలను వెతుకుతున్నప్పుడు తోక నీటి పైకి వస్తుంది. ఎండలో అది రాగి రేకులా వెలుగుతుంది, తోక మొదలు దగ్గర నల్లటి చుక్క స్పష్టంగా కనిపిస్తుంది. ఈ వేటలో ఇంతకన్నా గొప్ప దృశ్యం లేదని నా అభిప్రాయం.
- నీటి చాలు. ఒక్క చేప ఈదుతుంటే పైన బాణం మొన ఆకారంలో అల కదులుతుంది. చేప ఆ మొనకు కొంచెం ముందే ఉంటుంది.
- వణికే నీరు. చుట్టుపక్కల అలలకు సరిపోలకుండా ఒక చిన్న మేర మాత్రం గజిబిజిగా కదిలితే దాని కింద గుంపు ఉన్నట్టు.
- బురద పొగ. తేటనీటిలో అక్కడక్కడా లేచిన మబ్బులాంటి మచ్చ ఇప్పుడే ఏదో అక్కడ మేసిందని చెబుతుంది. అంచులు పదునుగా ఉంటే చేప దగ్గరే ఉంది, చెదిరిపోయి ఉంటే వెళ్లిపోయింది.
- ముల్లెట్. మన కోస్తాలో కత్తిపరిగె అని పిలిచే చేపే ఇక్కడా గుంపులుగా తిరుగుతుంది. తీరికగా ఎగిరిపడుతుంటే పట్టించుకోనక్కర్లేదు. గుంపంతా ఒక్కసారి ఒకే వైపు చెల్లాచెదురైతే వెనుక ఏదో తరుముతున్నట్టే.

ముల్లెట్ ఒక్కటీ లేని నీటిలో ఎక్కువసేపు నిలవవద్దు. మేత లేని చోట వేటాడే చేప కూడా ఉండదు.

కనిపించిన చేప ఏ దిక్కుకు తల పెట్టి ఉందో తేల్చుకునేదాకా విసరకండి. ఆ రెండు మూడు క్షణాల ఓపికే చేపను పట్టేవారికి, బెదరగొట్టేవారికి మధ్య తేడా. తోడున్నవారికి చూపించాలంటే గడియారం అంకెలు వాడండి. మీ ముక్కు ఎదురుగా పన్నెండు, కుడి చేతివైపు మూడు. "రెండు గంటల దిక్కున, నలభై అడుగులు, ఎడమకు పోతోంది" అంటే చాలు.

8. విసరడం, తిప్పడం, కొక్కెం గుచ్చడం

ఈదుతున్న చేపకు: అది వెళ్లే దారికి మూడు నాలుగు అడుగులు ముందు, మరో మూడడుగులు అవతల పడేలా విసరండి. ఎరను తిప్పుతూ ఆ దారిలోకి తెచ్చి, చేప దగ్గరికి వచ్చేసరికి దాని ముందు నుంచి తప్పించుకుపోతున్నట్టు కదిలించండి. ఎర చేప మీదికి ఎదురెళ్లకూడదు. ప్రకృతిలో ఏ రొయ్యా తనను తినబోయే చేప మీదికి పరుగెత్తదు కాబట్టి అలా వచ్చిన దానిని చూసి చేప పారిపోతుంది.

తోక చూపుతున్న చేపకు: దాని తల బురదలో ఉంటుంది, చూపు పరిధి జానెడు మూరెడు మాత్రమే. ఎరను అడుగు దూరంలోకి తేవాలి. అవతల వేసి, రాడ్ కొస పైకెత్తి ఎరను నీటి పైపైనే లాగి, ముక్కు దగ్గరికి రాగానే వదిలేయండి. అది మునుగుతుండగానే చాలాసార్లు పట్టుకుంటుంది.

గుంపుకు: మధ్యలో విసరకండి. అంచున ఉన్న చేపను ఎంచుకోండి. ఒకటి బెదిరితే అన్నీ పోతాయి.

విసిరాక ఎరను కాదు, చేపను చూడండి. వేగం పెంచి ఎర వైపు తిరిగితే అది చూసింది. అదే వేగంతో తిప్పుతూ ఉండండి. వెంబడిస్తూ వచ్చి సందేహిస్తే ఒక్క క్షణం ఆపి ఎరను నేలకు దించండి. దవడలు తెరిచినట్టు తెల్లగా మెరిసినా, నీళ్లు చిమ్మినా వెంటనే లాగవద్దు. దారంలో బరువు చేతికి తెలిసినప్పుడే రాడ్‌ను పక్కకు గట్టిగా లాగాలి. టాప్‌వాటర్ ఎరతో ఈ నిగ్రహం మరీ అవసరం. చూపుకు లాగేవారి ఎర గాలిలోకి లేస్తుంది, చేతి బరువుకు లాగేవారికి చేప దొరుకుతుంది.

9. చేపను దరికి తేవడం, వదలడం లేదా ఉంచుకోవడం

కొక్కెం పడగానే రెడ్‌ఫిష్ పరుగెడుతుంది. రాడ్ ఎత్తి పట్టి దారం గడ్డికి తగలకుండా చూడండి, డ్రాగ్‌ను దాని పని చేయనివ్వండి. అది పరుగెడుతున్నప్పుడు రీల్ తిప్పితే దారం మెలికపడుతుంది. ఆగినప్పుడు రాడ్ వంచి తిప్పాలి, పక్కకు లాగి దిశ మళ్లించాలి. పోరాటాన్ని సాగదీయవద్దు. వేసవి నీటిలో ప్రాణవాయువు తక్కువ, బాగా అలసిన చేప వదిలినా బతకదు.

వదిలే చేపను నీటిలోనే ఉంచి కొక్కెం తీయండి. చేతులు తడుపుకుని, పొట్ట కింద ఆనించి పట్టుకోవాలి. మొప్పల్లోకి వేళ్లు పెట్టకూడదు. ఫొటో కావాలంటే ముందే కెమెరా సిద్ధం చేయించి, మీరు ఊపిరి బిగబట్టగలిగినంతసేపే పైకి ఎత్తండి. తర్వాత తల నీటి ప్రవాహం వైపు పెట్టి, అది తనంతట తాను తోక ఊపి వెళ్లేదాకా పట్టుకోండి. కొక్కేల కొసన వెనక్కి తిరిగి ఉండే ముళ్లను పట్టకారుతో ముందే నొక్కేసుకుంటే ఈ పనంతా సులువవుతుంది.

ఉంచుకునే చేపను వెంటనే మొప్ప దగ్గర కోసి రక్తం పోనిచ్చి, ఐసులో ఉప్పునీరు కలిపిన పెట్టెలో పెట్టండి. చేపలు గుచ్చిన తాడును ఒంటికి ముడివేసుకోవద్దు, షార్కులు అప్పుడప్పుడు దాని కోసం వస్తాయి. పులుసుకు 20 నుంచి 23 అంగుళాల చేప రుచిగా ఉంటుంది. పక్కగీతలో ఉండే ముదురు ఎర్ర మాంసం తీసేస్తే నీచు వాసన తగ్గుతుంది. రెడ్‌ఫిష్ మన గొరకల కుటుంబానిదే కాబట్టి వాటిలాగే చింతపండు పులుసుకు బాగా ఒదుగుతుంది.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

చేపలు కనిపిస్తున్నాయి, దగ్గరికి రాకముందే పారిపోతున్నాయి: నడక వేగం సగానికి తగ్గించండి. మెరిసే గడియారం తీసేయండి. ఇంకా లోతు ఎక్కువున్న వైపు నుంచి ఒడ్డు వైపు చూస్తూ నడవండి.

ఎర పడగానే పారిపోతున్నాయి: ఎర బరువు తగ్గించండి, ఇంకొంచెం ముందుగా, అవతలగా వేయండి.

వెంబడిస్తున్నాయి, కరవడం లేదు: ఎర రంగు మార్చేముందు వేగం మార్చండి. తర్వాత చిన్న ఎర వేయండి. తేటనీటిలో లీడర్ పొడవు పెంచండి.

ప్రతిసారీ గడ్డి చిక్కుకుంటోంది: కొక్కెం ప్లాస్టిక్‌లో దాగే రకానికి మారండి, లేదా ఇసుక గుంటల్లోనే విసరండి.

ఏమీ కనిపించడం లేదు: ముందు సూర్యుడు ఎటున్నాడో చూసుకోండి. అది సరిగా ఉంటే లోతు మార్చండి. ఎండ ముదిరితే చేప పిక్కలోతు నుంచి తొడలోతు అంచుకు జరుగుతుంది.

11. ప్రమాదాలు, వెంటనే చేయవలసినవి

స్టింగ్‌రే పొడిస్తే: ఒడ్డుకు వచ్చి గాయం కడిగి, తట్టుకోగలిగినంత వేడి నీటిలో 30 నుంచి 90 నిమిషాలు ముంచి ఉంచాలి. వేడి 113 డిగ్రీల ఫారెన్‌హీట్ మించకూడదు. మొద్దుబారిన కాలికి వేడి తెలియదు కాబట్టి మరొకరు చెయ్యి పెట్టి చూడాలి. ముల్లు లోతుగా దిగి ఉంటే పెరకకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రొమ్ము, పొట్ట, మెడ మీద పొడిస్తే ఆలస్యం చేయకుండా 911కు ఫోను చేయాలి.

హార్డ్‌హెడ్ జెల్లలు: వీపు మీద, ఇరుపక్కలా ఉండే ముళ్లు విషపూరితమైనవి. చేత్తో ముట్టకుండా పట్టకారుతోనే విడిపించండి.

తెగిన గాయం: వెచ్చటి ఉప్పునీటిలో విబ్రియో బ్యాక్టీరియా ఉంటుంది. చిన్న గీత పడినా మంచినీటితో, సబ్బుతో కడగాలి. గాయం చుట్టూ ఎరుపు, వాపు, నొప్పి గంటల వ్యవధిలో పెరుగుతున్నా, జ్వరం వచ్చినా ఉదయం దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లి, ఉప్పునీటిలో ఉన్న సంగతి చెప్పండి. కాలేయ వ్యాధి, మధుమేహం ఉన్నవారు మానని పుండుతో అసలు దిగకూడదు.

మెత్తటి బురద: రాడ్ పిడితో గానీ తెడ్డుతో గానీ ముందు పొడిచి చూడండి. పిక్క దాకా దిగితే వెనక్కి మళ్లండి. ఇరుక్కుంటే వెనక్కి వాలి, ఒక్కో కాలు అటూ ఇటూ ఆడిస్తూ తీయాలి.

ఉరుము: మొదటి ఉరుము వినగానే రాడ్ కిందికి దించి బయటికి నడవండి. కారులో కూర్చుని, చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా తిరిగి దిగవద్దు.

12. ఇంటికి వచ్చాక

రీల్, రాడ్, పట్టకారు, బూట్లను అదే సాయంత్రం మంచినీటితో కడగండి. రీల్ మీద నీటిని ధారగా కొట్టవద్దు, ఉప్పు లోపలికి పోతుంది. డ్రాగ్ బిగించి, పైనుంచి సన్నగా నీళ్లు పోసి, తుడిచి ఆరనిచ్చాక డ్రాగ్‌ను పూర్తిగా వదులు చేసి పెట్టాలి. వాడిన ఎరలను పెట్టెలో వేసేముందు విడిగా ఆరబెట్టకపోతే మిగిలిన కొక్కేలన్నిటికీ తుప్పు పడుతుంది. లీడర్‌ను వేళ్ల మధ్య జార్చి చూసి, గరుకుగా తగిలిన మేర కత్తిరించేయండి.

అలసట తీరకముందే ఒక కాగితం మీద తేదీ, గాలి దిశ, నీటిమట్టం, నీటి వేడి, చేపలు ఏ గంటకు ఏ లోతులో కనిపించాయో రాసిపెట్టుకోండి. పట్టినవాటి కన్నా కనిపించి తప్పించుకున్నవాటి వివరాలే ఎక్కువ రాయండి. తర్వాతి యాత్రకు రోజు, చోటు ఎంచుకునేటప్పుడు మొదటి రెండు మెట్లలో ఉపయోగపడేది ఆ కాగితమే.